తప్పు అడాప్టర్ పెట్టాక హార్డ్ డిస్క్ ఆన్ కావట్లేదా?

పోయిన వేసవిలో మా వదిన ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ తెచ్చి నా చేతిలో పెట్టింది. దానికి 12 వోల్టుల అడాప్టర్ కావాలి. పిన్ సరిపోయింది కదా అని ఇంట్లో ఉన్న 19 వోల్టుల ల్యాప్‌టాప్ అడాప్టర్ పెట్టారట. "పిల్లాడి అన్నప్రాశన ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి బాబూ" అంది. గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది.

ఇలా జరిగితే మళ్లీ మళ్లీ ప్లగ్ పెట్టి చూడకండి. ఫొటోలు ఉండేది లోపల తిరిగే పళ్లేల మీద. దెబ్బ ముందు తగిలేది కింద ఉన్న సర్క్యూట్ బోర్డుకి. చాలాసార్లు అక్కడితోనే ఆగిపోతుంది.

డిస్క్ తగిలిస్తే కంప్యూటరే ఆన్ కాదు, తీసేస్తే ఆన్ అవుతుంది

కారణం: బోర్డు మీద పవర్ కనెక్టర్ పక్కన టీవీఎస్ డయోడ్లు (ఎక్కువ వోల్టేజి నుంచి కాపాడే చిన్న ముక్కలు) ఉంటాయి. పెద్ద (3.5 అంగుళాల) డిస్కుల్లో 5 వోల్టుల లైనుకి ఒకటి, 12 వోల్టుల లైనుకి ఒకటి. వోల్టేజి హద్దు దాటితే అవి షార్ట్ అయిపోయి, వెనకున్న చిప్పులను కాపాడతాయి. ఆ షార్ట్ చూసి ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ లోపలి పవర్ సప్లై) ఆగిపోతుంది. ఒక ఎస్‌ఎంపీఎస్ కేబుల్ ఇంకోదానికి వాడినా ఇదే జరుగుతుంది. ప్లగ్ ఒకేలా ఉన్నా లోపలి వైర్ల వరస వేరుగా ఉండొచ్చు.

పరిష్కారం: కరెంటుతో సంబంధం లేకుండా డిస్క్‌ని (ఎక్స్‌టర్నల్ అయితే బయటి పెట్టెలోంచి తీసి) బల్ల మీద పెట్టి, మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో, అంటే రెసిస్టెన్స్ కొలిచే చోట ఉంచండి. డిస్క్‌కి కరెంటు వచ్చే సాటా పవర్ కనెక్టర్‌లో 15 పిన్లు. డేటా కనెక్టర్ వైపు నుంచి లెక్కపెడితే 5, 6 గ్రౌండ్. 7, 8, 9 ఐదు వోల్టులు. 13, 14, 15 పన్నెండు వోల్టులు. గ్రౌండ్‌కీ వీటికీ మధ్య దాదాపు సున్నా చూపిస్తే ఆ లైను షార్ట్ అయినట్టే. ఇప్పుడు ఆ లైను డయోడ్ రెండు కొసల మీద పెట్టి చూడండి. ప్రోబ్‌లు అటూ ఇటూ మార్చినా సున్నాయే వస్తే, సోల్డరింగ్ ఐరన్‌తో ఆ డయోడ్ తీసేయండి.

వదిన డిస్క్‌లో పోయింది 12 వోల్టుల వైపుది. బియ్యపు గింజ కంటే కాస్త పెద్ద నల్ల ముక్క, పైన చిన్న పగులు. అది తీశాక మళ్లీ కొలిచాను, షార్ట్ లేదు. సరైన పవర్ ఇస్తే మోటారు సన్నగా హోరెత్తింది. ఆ రాత్రే అన్నీ కాపీ చేశాను. డయోడ్ లేకుండా డిస్క్ పనిచేస్తుంది గానీ దానికి ఇక రక్షణ ఉండదు. కాబట్టి ముందు బ్యాకప్, కొత్త డయోడ్ సంగతి తర్వాత.

డయోడ్ తీశాక కూడా షార్ట్ అలాగే ఉంటే పవర్ ఇవ్వకండి.

కాలిన వాసన, చిప్ మీద మచ్చ

మోటారు నడిపే చిప్ కాలిపోయింది. బోర్డు మార్చాలి. అదే మోడల్ బోర్డు తెచ్చి బిగిస్తే చాలనుకుంటారు, కానీ చాలదు. ప్రతి డిస్కుకీ దానికే ప్రత్యేకమైన వివరాలు బోర్డు మీది రోమ్‌లో (పవర్ తీసినా చెరగని మెమరీలో) ఉంటాయి. అది సాధారణంగా 8 కాళ్ల చిన్న చిప్. దాన్ని పాత బోర్డు నుంచి కొత్తదానికి మార్చాలి. కొన్ని మోడళ్లలో అది పెద్ద చిప్ లోపలే ఉంటుంది. చేయి తిరిగినవాళ్లకే ఇవ్వండి.

తిరుగుతోంది, కానీ టిక్ టిక్ మంటోంది

వెంటనే ఆపేయండి. పళ్లేల మీద డేటా చదివే హెడ్స్ దగ్గర, ఆ సిగ్నల్‌ని పెంచే ప్రీయాంప్ అనే చిప్ పోయి ఉండొచ్చు. మూత ఇంట్లో తెరవకూడదు, దుమ్ము పడితే పళ్లేలు గీసుకుపోతాయి. ఇది డేటా రికవరీ ల్యాబ్ పని.

తిరగబోయి ఆగిపోతోంది, మళ్లీ మొదలుపెడుతోంది

ఇక్కడ పవర్ ఎక్కువ కాలేదు, తక్కువైంది. మొదట తిరిగేటప్పుడు పెద్ద డిస్క్ 12 వోల్టుల మీద 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. 1 ఆంపియర్ అడాప్టర్ దానికి చాలదు. ఎక్స్‌టర్నల్ డిస్క్ బయటి పెట్టె మీద, అడాప్టర్ మీద ఉన్న అంకెలు పోల్చి చూడండి. వోల్టులు సమానంగా ఉండాలి, ఆంపియర్లు తగ్గకూడదు. సరైన అడాప్టర్ పెడితే చాలాసార్లు మామూలుగానే పనిచేస్తుంది.