అమెరికాలో ఎంఎస్ అప్లికేషన్: డొమెస్టిక్ కొట్టాలా, ఇంటర్నేషనల్ కొట్టాలా?

అమెరికాలో ఏ యూనివర్సిటీ గ్రాడ్యుయేట్ స్కూల్ అప్లికేషన్ ఓపెన్ చేసినా మొదట్లోనే అడుగుతాడు, డొమెస్టిక్ స్టూడెంటా ఇంటర్నేషనల్ స్టూడెంటా అని. దిల్‌సుఖ్‌నగర్ లో కూర్చుని అప్లై చేసే కుర్రాడికి ఇందులో ఆలోచించడానికేం లేదు, ఇంటర్నేషనల్ కొట్టేసి ముందుకెళ్ళిపోతాడు. తలనొప్పంతా మధ్యలో ఉన్నవాళ్ళకే. పెళ్ళయ్యి హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగం వీసా వాళ్ళ భార్య, భర్త, పిల్లలకిచ్చే వీసా) మీద డల్లాస్ లో ఉంటూ ఎంఎస్ చేద్దామనుకునేవాళ్ళు, నాలుగో తరగతిలో వెళ్ళి అక్కడే కాలేజీ దాకా చదివినా ఇంకా హెచ్-4 మీదే ఉన్న పిల్లలు, గ్రీన్ కార్డ్ ఉంది కానీ బీటెక్ కాకినాడలో చేసినవాళ్ళు, అమెరికాలో పుట్టి విజయవాడలో పెరిగినవాళ్ళు, వీళ్ళంతా ఆ బాక్స్ దగ్గర ఆగిపోతారు.

రూల్ మాత్రం సింపులే. మీరు ఎక్కడ ఉంటున్నారు, ఎక్కడ చదివారు అన్నదానితో సంబంధం లేదు, మీ ఇమ్మిగ్రేషన్ స్టేటస్ ఏంటి అన్నదే లెక్క. సిటిజన్ అయినా, గ్రీన్ కార్డ్ ఉన్నా డొమెస్టిక్. రెఫ్యూజీ, అసైలం వచ్చినవాళ్ళని కూడా మామూలుగా అందులోనే కలుపుతారు. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా), హెచ్-4, ఎల్-2 (కంపెనీ ట్రాన్స్‌ఫర్ మీద వెళ్ళినవాళ్ళ కుటుంబానికిచ్చేది), హెచ్-1బీ ఇలా ఏ టెంపరరీ వీసా మీద ఉన్నా, పదిహేనేళ్ళ నుంచి అక్కడే ఉంటున్నా సరే, ఇంటర్నేషనల్. ఐ-485 వేసి గ్రీన్ కార్డ్ కోసం ఎదురుచూస్తున్నవాళ్ళ సంగతి మాత్రం ఒక్కో యూనివర్సిటీ ఒక్కోలా చూస్తుంది, ఈఏడీ (వర్క్ పర్మిట్) కార్డ్ చేతిలో ఉంది కదా అని మీరే డొమెస్టిక్ కొట్టేయకుండా అడ్మిషన్స్ ఆఫీస్ కి ఒక మెయిల్ పెట్టి అడిగి, వాళ్ళ రిప్లై దాచుకోండి.

ఎక్కువమంది చేసే పొరపాటు వేరే ఉంది. ఆ ఒక్క టిక్ తోనే ఫీజు, ఇంగ్లిష్ టెస్ట్, సర్టిఫికెట్లు, లోన్ అన్నీ తేలిపోతాయనుకుంటారు. అలా కాదండీ, అవన్నీ వేరు వేరు ప్రశ్నలు, దేనికదే చూసుకోవాలి.

ఇంగ్లిష్ టెస్ట్ తీసుకోండి. చాలా చోట్ల ఇది పాస్‌పోర్ట్ ని బట్టి ఉండదు, డిగ్రీ ఏ దేశంలో చేశారన్నదాన్ని బట్టి ఉంటుంది. అందుకే గ్రీన్ కార్డ్ ఉండి డొమెస్టిక్ గా అప్లై చేసినా, బీటెక్ ఇండియాలో అయితే టోఫెల్ గానీ ఐఈఎల్‌టీఎస్ గానీ అడగొచ్చు, అదే హెచ్-4 మీద ఉన్న అబ్బాయి డిగ్రీ అమెరికాలో చేసుంటే అతను ఇంటర్నేషనల్ అయినా టెస్ట్ మాఫీ అయిపోతుంది. కొన్ని యూనివర్సిటీలు మీడియం ఆఫ్ ఇన్‌స్ట్రక్షన్ ఇంగ్లిష్ అని కాలేజీ ఇచ్చిన లెటర్ ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు. టోఫెల్ స్కోర్ రెండేళ్ళు, జీఆర్ఈ స్కోర్ అయిదేళ్ళు పనికొస్తాయి. 2020 తర్వాత చాలా డిపార్ట్‌మెంట్లు జీఆర్ఈ తీసేశాయి, అయితే అదే యూనివర్సిటీలో ఒక డిపార్ట్‌మెంట్ అడగదు ఇంకోటి అడుగుతుంది, కాబట్టి గ్రాడ్యుయేట్ స్కూల్ మెయిన్ పేజీ కాదు, మీ ప్రోగ్రాం పేజీ చదవండి.

ఫీజు సంగతి ఇంకో మెలిక. గవర్నమెంట్ యూనివర్సిటీల్లో ఇన్-స్టేట్, అవుట్-ఆఫ్-స్టేట్ అని రెండు రేట్లుంటాయి, ఇది డొమెస్టిక్, ఇంటర్నేషనల్ తో ఒకటి కాదు. న్యూజెర్సీలో ఉండే సిటిజన్ టెక్సస్ లో చేరితే డొమెస్టిక్కే, కానీ అవుట్-ఆఫ్-స్టేట్ ఫీజు కట్టాలి. అదే టెక్సస్ లో హెచ్-4 మీద ఉన్నావిడ ఏడాది అక్కడే ఉండి డొమిసైల్ (ఆ స్టేట్ లోనే స్థిరపడ్డామన్న) రూల్స్ కి సరిపోయే కాగితాలు చూపిస్తే ఇంటర్నేషనల్ అయినా ఇన్-స్టేట్ కి అడగొచ్చు. ఇండియా నుంచి ఎఫ్-1 మీద వెళ్ళేవాళ్ళకి ఈ దారి ఉండదు గానీ, టెక్సస్ పబ్లిక్ యూనివర్సిటీల్లో కనీసం 1000 డాలర్ల కాంపిటీటివ్ స్కాలర్‌షిప్ వస్తే ఇన్-స్టేట్ రేటు పడే వీలుంది, మనవాళ్ళు ఆ వెయ్యి డాలర్ల కోసం అంత పట్టుబట్టేది అందుకే.

గవర్నమెంట్ లోన్ మాత్రం నిజంగా స్టేటస్ మీదే ఆధారపడుతుంది. సిటిజన్, గ్రీన్ కార్డ్ వాళ్ళు ఫాఫ్సా అనే ఫెడరల్ సాయం ఫారం నింపి మామూలు ఎంఎస్, పీహెచ్‌డీలకి ఏడాదికి 20,500 డాలర్ల దాకా ఫెడరల్ లోన్ తీసుకోవచ్చు. దానిపైన ఖర్చుకి ఇంతకుముందు గ్రాడ్ ప్లస్ అని ఇంకో లోన్ ఉండేది, 2025 లో వచ్చిన చట్టంతో 2026 జూలై 1 నుంచి కొత్తవాళ్ళకి అది లేదు. మనవాళ్ళు పాత వీడియోలు చూసి దాని మీద లెక్కలేసుకుంటున్నారు, జాగ్రత్త.

హెచ్-4 వాళ్ళు ఇంకోటి తేల్చుకోవాలి. హెచ్-4 మీదే ఫుల్ టైమ్ చదువుకోవచ్చు, ఎఫ్-1 కి మారాల్సిన పని లేదు, ఐ-20 (ఎఫ్-1 వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే కాగితం) అక్కర్లేదు, కాబట్టి బ్యాంక్ కాగితాలు కూడా చాలా చోట్ల అడగరు. కానీ హెచ్-4 మీద సీపీటీ, ఓపీటీ (ఎఫ్-1 స్టూడెంట్లకిచ్చే పని పర్మిషన్లు) రావు, ఈఏడీ లేకపోతే క్యాంపస్ లో అసిస్టెంట్‌షిప్ కూడా చేయకూడదు. ఈఏడీ కూడా హెచ్-1బీ వాళ్ళ భార్యకో భర్తకో, అదీ మామూలుగా ఐ-140 (గ్రీన్ కార్డ్ కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయ్యాకే, పిల్లలకి రాదు. 21 నిండితే పిల్లలకి హెచ్-4 పోతుంది, అందుకే వాళ్ళు ఎలాగూ వేరే స్టేటస్ చూసుకోవాలి. ఈ లెక్క అప్లై చేసే ముందే వేసుకుంటే ఫారంలో 'చదివేటప్పుడు ఏ వీసా మీద ఉంటారు' అన్న ప్రశ్నకి తడుముకోనక్కర్లేదు.

ఇక ఇండియాలో చదివిన ఎవరికైనా, స్టేటస్ ఏదైనా, కాగితాల పని ఒకటే. అప్లై చేసేటప్పుడు స్కాన్ కాపీలు చాలు, సెమిస్టర్ మెమోలు, సీఎంఎం (అన్ని మార్కులూ కలిపిన మెమో), పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్), వస్తే ఓడీ (ఒరిజినల్ డిగ్రీ). యూనివర్సిటీ ఎగ్జామినేషన్ బ్రాంచ్ నుంచి సీల్డ్ ట్రాన్స్‌క్రిప్ట్స్ సాధారణంగా సీటు వచ్చాకే అడుగుతారు, కానీ జేఎన్‌టీయూ లాంటి చోట ముందే రెండు మూడు సెట్లు తీసి పెట్టుకోవడం మంచిది. డబ్ల్యూఈఎస్ (మన డిగ్రీ అమెరికాలో దేనికి సమానమో చెప్పే సంస్థ) ఇవాల్యుయేషన్ అడిగిన చోటికే చేయించండి, అందరూ అడగరు. పర్సెంటేజీని, పది స్కేల్ సీజీపీఏని మీరే నాలుగు స్కేల్ లోకి మార్చి రాయొద్దు, మెమోలో ఎలా ఉందో అలాగే వేయండి. బ్యాక్‌లాగ్స్ దాచినా ట్రాన్స్‌క్రిప్ట్ లో కనపడతాయి. మూడేళ్ళ బీఎస్సీ, బీకాం వాళ్ళు మాత్రం ఫీజు కట్టే ముందే అడగండి, చాలా యూనివర్సిటీలు ఆ డిగ్రీ ఒక్కదాన్నే ఒప్పుకోవు.

పేరు దగ్గర మనకి ఉన్న గోల ఇంకెవరికీ ఉండదేమో. టెన్త్ సర్టిఫికెట్ లో ఇంటిపేరు ముందు, బీటెక్ మెమోలో ఇనీషియల్, పాస్‌పోర్ట్ లో ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో. అప్లికేషన్, జీఆర్ఈ, టోఫెల్ అన్నీ పాస్‌పోర్ట్ లో ఎలా ఉందో అలాగే రాయండి, లేకపోతే స్కోర్లు మీ ఫైల్ కి కలవవు. పాస్‌పోర్ట్ లో పేరంతా సర్‌నేమ్ గడిలోనే ఉండి గివెన్ నేమ్ ఖాళీగా ఉంటే వీసా మీద ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడుతుంది, అప్లై చేసే ముందే పాస్‌పోర్ట్ సరిచేయించుకుంటే సుఖం.

రికమండేషన్లు మామూలుగా మూడు. సార్ల కాలేజీ మెయిల్ ఐడీ ఇవ్వండి, సార్ పేరు మీద మీరే జీమెయిల్ క్రియేట్ చేసి పంపడం లాంటి సలహా ఎవరిచ్చినా వినకండి, దొరికితే సీటు పోతుంది. కన్సల్టెన్సీ ద్వారా వెళ్తున్నా లాగిన్లు మీ మెయిల్ తోనే, పాస్‌వర్డ్ మీ దగ్గరే. ఎస్‌ఓపీ (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్) మీరు రాసిందే ఉండాలి, చిన్నప్పుడు కంప్యూటర్ చూసి ఆశ్చర్యపోయాను అన్న పేరాతో మొదలైతే చదివేవాళ్ళు అక్కడే నీరసపడిపోతారు.

డెడ్‌లైన్లు ఫాల్ కి (ఆగస్టు ప్రాంతంలో మొదలయ్యే సెమిస్టర్) పీహెచ్‌డీ అయితే ఎక్కువగా డిసెంబర్ మొదటి పదిహేను రోజుల్లో, ఎంఎస్ కి డిసెంబర్ నుంచి మార్చి దాకా, కొన్ని ఇంకా తర్వాత కూడా. చాలా చోట్ల ఇంటర్నేషనల్ డెడ్‌లైన్ డొమెస్టిక్ కన్నా ముందే ఉంటుంది, ఐ-20కి, వీసాకి టైం కావాలి కదా. అప్లికేషన్ ఫీజు మాఫీలు మాత్రం ఎక్కువగా డొమెస్టిక్ వాళ్ళకే.

సీటు వచ్చాక ఎఫ్-1 వాళ్ళు మొదటి ఏడాది ఖర్చుకి సరిపడా డబ్బు చూపించాలి, సేవింగ్స్, ఎఫ్‌డీ, బ్యాంక్ లోన్ శాంక్షన్ లెటర్. పొలం, ఫ్లాట్ వాల్యుయేషన్లు ఐ-20కి చాలా యూనివర్సిటీలు తీసుకోవు. ఐ-20 వచ్చాక సెవిస్ (విదేశీ స్టూడెంట్ల రికార్డ్ సిస్టం) ఫీజు 350 డాలర్లు, డీఎస్-160 (వీసా అప్లికేషన్ ఫారం), వీసా ఫీజు 185 డాలర్లు, వేలిముద్రలు హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ లో, ఇంటర్వ్యూ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్ లో. 2025 జూన్ నుంచి సోషల్ మీడియా అకౌంట్లు పబ్లిక్ లో పెట్టమంటున్నారు. ప్రోగ్రాం మొదలయ్యే తేదీకి 30 రోజుల ముందు నుంచే లోపలికి రానిస్తారు, టికెట్ దాన్ని చూసుకుని తీయండి.

అప్లై చేశాక మధ్యలో గ్రీన్ కార్డ్ వచ్చేస్తే కొత్త అప్లికేషన్ పెట్టకండి, కార్డ్ కాపీతో అడ్మిషన్స్ ఆఫీస్ కి మెయిల్ పెడితే వాళ్ళే స్టేటస్ మారుస్తారు. ఇన్-స్టేట్ ఫీజు ఆఫీస్ వేరుగా ఉంటుంది, వాళ్ళకి మళ్ళీ విడిగా చెప్పాలి.