విద్యార్థి పత్రిక డిజైన్: పేజీ ఎక్కడ చెడింది, ఎందుకు చెడింది, ఎలా సరిచేయాలి

సెమిస్టర్ చివరికి వచ్చేసరికి పిల్లలు పెన్‌డ్రైవ్‌లు పట్టుకుని మా దగ్గరికి వస్తారు. నేను విజయవాడ గవర్నర్‌పేటలో డీటీపీ పని, అంటే కంప్యూటర్‌లో పేజీలు కూర్చే పని చేస్తాను. ఊళ్లో చదివేవాళ్లే కాదు, గుంటూరు నుంచి బస్సెక్కి వచ్చేవాళ్లూ ఉంటారు. ప్రాజెక్టు దాదాపు అందరిదీ ఒకటే: మన ప్రాంతం మీద ఒక పత్రిక, 32 పేజీలు, డిజైన్ అంతా సొంతంగా చేయాలి. టెన్షన్ కూడా ఒకటే. "రేపే సబ్మిషన్ అన్నా, ఈ పేజీ ఎందుకో కుదరట్లేదు" అంటారు.

ఆ 'ఎందుకో'కి కారణం చాలాసార్లు ఆ పేజీలో దొరకదు. మూడు వారాల ముందు తేల్చుకోవాల్సింది తేల్చుకోకపోవడమే కారణం అవుతుంది. వాటిలో పెద్దది ఒకటుంది. ఇంగ్లిష్ పత్రిక కోసం తయారైన టెంప్లేట్ దించుకుని, అందులో తెలుగు పోస్తారు. తెలుగు అక్షరానికి నెత్తి మీద గుడి ఉంటుంది, కాళ్ల కింద వత్తు ఉంటుంది. ఆ చోటు ముందే వదలకపోతే ఎంత అందమైన టెంప్లేటైనా ఇరుకైపోతుంది. పిల్లలు చెప్పే లక్షణాలను వాళ్ల మాటల్లోనే పెట్టి, ఒక్కోదానికీ మందు చెబుతాను.

"అన్నీ ఉన్నాయి, కానీ టూరిజం బ్రోచర్‌లా ఉంది"

కవర్ మీద ప్రకాశం బ్యారేజీ, లోపల దుర్గగుడి, ఉండవల్లి గుహలు, కొండపల్లి బొమ్మలు, అమరావతి స్తూపం, గుంటూరు మిర్చి. ఒక్కోదానికి రెండేసి పేజీలు. తప్పు ఒక్కటీ ఉండదు, కానీ చదవాలనిపించదు.

కారణం: పాఠకుడు ఎవరో తేల్చుకోలేదు. ఊరికి కొత్తగా వచ్చినవాడికి చెప్పేది వేరు, ఈ ఊళ్లోనే పుట్టి పెరిగినవాడికి చెప్పేది వేరు. ప్రాంతీయ పత్రిక కొనేది రెండోవాడు. దుర్గగుడి కొండ మీద ఉందని వాడికి చెప్పనక్కర్లేదు.

పరిష్కారం: ప్రాంతాన్ని చిన్నది చేయండి. ఎంత చిన్నదైతే డిజైన్ అంత తేలిక. ఒకసారి ఒక బృందానికి నేనిచ్చిన సలహా ఇది: బెజవాడ మధ్యలోంచి పారే ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ, ఈ మూడే మీ పత్రిక అనుకోండి. కృష్ణ మీద పాత ఆనకట్ట 1855లో పూర్తయింది, ఇప్పటి బ్యారేజీ 1957లో వచ్చింది. ఈ నీళ్ల చుట్టూ చరిత్ర ఉంది, వంతెనలున్నాయి, గట్ల మీద ఇళ్లున్నాయి, ఒకప్పటి పడవ ప్రయాణాలు గుర్తున్న పెద్దవాళ్లున్నారు. 'మూడు కాలువలు' అని పేరు పెట్టుకున్నారు. ఆ పేరు ఖాయం కాగానే సగం డిజైన్ దానంతటదే తేలిపోయింది. పత్రికలో మూడు విభాగాలు, ప్రతి పేజీ అడుగున ఒక సన్నటి నీలం గీత, విభాగం మారినప్పుడల్లా ఆ గీత ఒంపు తిరుగుతుంది. బొమ్మల కోసం నెట్‌లో వెతకాల్సిన అవసరమే రాలేదు.

గుంటూరు వాళ్లయితే మిర్చి యార్డు ఒక్కదాన్నే తీసుకోవచ్చు, లేదా బ్రాడీపేటలో ఒక్క వీధినే. 32 పేజీలకు అదే ఎక్కువ. పత్రిక మొదటి పేజీలో ఉండబోయే సంపాదకుడి మాటను అన్నిటికంటే ముందు, పది లైన్లలో రాయండి. "ఇది ఫలానావాళ్ల కోసం" అనే వాక్యం అందులో రాయలేకపోతే ఇంకా కంప్యూటర్ తెరవొద్దు.

"మ్యాటర్ మిగిలిపోయింది", "మ్యాటర్ చాలట్లేదు"

కారణం రెండింటికీ ఒకటే. డమ్మీ, అంటే పత్రికకు కాగితం నమూనా, వేయలేదు. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకంలో పేజీలు నాలుగు లెక్కన పెరుగుతాయి: 28, 32, 36. "30 పేజీలు వచ్చాయి" అంటే రెండు పేజీలు ఖాళీగా పోతాయి, లేదా రెండు పేజీల వ్యాసం తీసేయాలి.

పరిష్కారం: ఎనిమిది ఏ4 కాగితాలు తీసుకుని మధ్యకి మడిచి, ఒకదానిలో ఒకటి దూర్చండి. కవర్‌తో కలిపి 32 పేజీల బుల్లి పత్రిక చేతిలో ఉంటుంది. పేజీ నంబర్లు వేసి, పెన్సిల్‌తో ఎక్కడ ఏ వ్యాసమో, ఫొటో ఎంత చోటు తీసుకుంటుందో గీయండి. కంప్యూటర్‌లో ఎన్ని గంటలు కూర్చున్నా తెలియనిది ఈ కాగితాల్లో తెలుస్తుంది: ఏ పేజీ కుడిచేతి వైపు పడుతుంది, పెద్ద ఫొటో తర్వాత వెంటనే మరో పెద్ద ఫొటో వస్తోందా, వరుసగా ఆరు పేజీలు అక్షరాలతోనే నిండిపోయాయా.

తర్వాత ఒక పేజీ కొలవండి. ఏ4 పేజీలో రెండు కాలమ్‌లు, 11 పాయింట్ల అక్షరం, 17 పాయింట్ల లీడింగ్ (ఒక లైన్ అడుగునుంచి కింది లైన్ అడుగుకు దూరం), పైనా కిందా 20 మిల్లీమీటర్ల మార్జిన్ అనుకుంటే కాలమ్‌కి 42 లైన్లు పడతాయి. లైనుకు సగటున ఐదు మాటలేసుకున్నా నిండు పేజీకి సుమారు 400 మాటలు. హెడ్డింగూ ఒక మాదిరి ఫొటో పెడితే 250కి దిగుతుంది. మీ ఫాంట్‌తో మీరే ఒకసారి పోసి చూసుకుని, ఆ అంకెను రాసేవాళ్లకు ముందే చెప్పండి. వెయ్యి మాటలు రాసి తెచ్చిన స్నేహితుడితో "సగం కోసేశాం" అని చివరి రోజున చెప్పడం ఎవరికీ బాగుండదు.

"అక్షరాలు విడిపోయాయి"

ఇది రెండు రకాలుగా వస్తుంది. ఏ రకమో ముందు చూడాలి.

మొదటి రకం: తెలుగు ఉండాల్సిన చోట ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి. కారణం, ఆ మ్యాటర్ 'అను' అనే పాత రకం తెలుగు ఫాంట్లలో టైపు చేసినది. వాటిలో తెలుగు రూపాలను ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో కూర్చారు. ఫాంట్ మారితే ముసుగు తొలగినట్టు కింద ఉన్నది బయటపడుతుంది. 'అను' నుంచి యూనికోడ్‌కి, అంటే ఫాంట్ మారినా తెలుగును తెలుగుగానే ఉంచే పద్ధతికి మార్చే కన్వర్టర్‌లో వేసి తెచ్చుకోండి. కానీ మార్చిన మ్యాటర్‌ను అలాగే పేజీలో పెట్టొద్దు. సంయుక్తాక్షరాల దగ్గర, అంకెల దగ్గర, కొటేషన్ గుర్తుల దగ్గర తప్పులు దొర్లుతాయి. కాగితం మీద ప్రింట్ తీసి, పాత కాపీ పక్కన పెట్టుకుని చదవాల్సిందే. బృందంలో అందరూ మొదటి రోజునుంచీ యూనికోడ్‌లోనే టైపు చేస్తే ఈ బాధే ఉండదు. ఎక్కడైనా పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ వాడుతున్నారంటే అది యూనికోడ్ తెలుగును తీసుకోదని గుర్తుంచుకోండి.

రెండో రకం: అక్షరాలు తెలుగే, కానీ 'క్ష' రావాల్సిన చోట క్, ష విడివిడిగా నిలబడతాయి, వత్తు కిందికి దిగకుండా పక్కన కూర్చుంటుంది. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఇది మామూలే. ఫాంట్ పాడైందనుకుని పిల్లలు ఇరవై ఫాంట్లు మారుస్తారు. తప్పు ఫాంట్‌ది కాదు. పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో 'అడోబ్ వరల్డ్-రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్' ఎంచుకుంటే వత్తులన్నీ వాటి చోటికి వెళ్తాయి. ఒక్కో పేరాకి మార్చుకుంటూ పోకుండా పేరాగ్రాఫ్ స్టైల్‌లోనే పెట్టేయండి.

"లైన్లు ఒకదాని మీదికొకటి ఎక్కుతున్నాయి"

నా దృష్టిలో తెలుగు పేజీకి ఇదే అసలు పరీక్ష. సాఫ్ట్‌వేర్ తనంతట తాను ఇచ్చే లీడింగ్ అక్షరం సైజుకు 120 శాతం. 11 పాయింట్లకు 13.2. ఇంగ్లిష్‌కి సరిపోతుంది. ఇప్పుడు పై లైన్‌లో 'రాష్ట్రం' అని ఉందనుకోండి. ష కింద ట వత్తు, దానితో పాటు ర వత్తు. సరిగ్గా దాని కింది లైన్‌లో 'కీలకం' పడింది. కీ నెత్తి మీది గుడి పైకి లేస్తుంది. పైనుంచి దిగిన వత్తూ కిందనుంచి లేచిన గుడీ ఢీకొంటాయి. చదివేవాడికి ఇదీ అని తెలియదు, కళ్లు మాత్రం అలిసిపోతాయి.

పరిష్కారం: బాడీకి, అంటే వ్యాసం అసలు మ్యాటర్‌కి, 11 పాయింట్లయితే లీడింగ్ 16తో మొదలుపెట్టి చూడండి, చాలా ఫాంట్లకు 17 కావాలి. కొలతకు ఒక పరీక్ష లైన్ ఉంచుకోండి. పైన 'స్త్రీ శాస్త్రం రాష్ట్రం', కింద 'కీర్తి నీటి గీత'. ఇవి ఒకదానికొకటి తగలకపోతే ఆ లీడింగ్ మీ పత్రికంతటికీ పనికొస్తుంది. మ్యాటర్ పట్టడం లేదని చివర్లో లీడింగ్ తగ్గించొద్దు. రెండు పేరాలు తీసేయండి, అదే నయం.

హెడ్డింగ్ రెండు లైన్లయినప్పుడు కూడా ఇదే జాగ్రత్త. అక్కడైతే ఇంకో దారి ఉంది, మాటలు మార్చి వత్తు లేని మాటను పైకి తేవచ్చు. పత్రిక పేరుకూ ఇది వర్తిస్తుంది. 'మూడు కాలువలు'లో ఒక్క వత్తూ లేదు కాబట్టి కవర్ మీద ఆ పేరు కింద ఫొటోను దగ్గరగా జరపగలిగాం.

"మాటల మధ్య గుంతలు పడుతున్నాయి"

ఏ4లో మూడు కాలమ్‌లు వేస్తే ఒక్కోటి 57 మిల్లీమీటర్లకు మించదు. అందులో 'విశ్వవిద్యాలయంలోని' పడిందంటే లైన్‌లో సగం పోయింది. రెండు వైపులా సమానంగా లాగే జస్టిఫై పెడితే మిగిలిన రెండు మాటలూ దూరం దూరంగా జరుగుతాయి. రెండు కాలమ్‌లకు రండి, ఒక్కోటి 87 మిల్లీమీటర్ల దాకా వస్తుంది. ఇరుకు కాలమ్ తప్పనిసరైతే ఎడమ పక్కకు మాత్రమే సర్దండి. మాట విరవాల్సి వస్తే సమాసం కలిసే చోట చేత్తో విరవండి: విశ్వ-విద్యాలయం. కాలమ్ వెడల్పు పెంచాక కూడా ఒక లైన్ మొండికేస్తే, రచయితనడిగి మాట మార్చండి. పత్రికల్లో రోజూ చేసే పనే ఇది.

"స్క్రీన్ మీద మెరిసింది, ప్రింట్‌లో చచ్చిపోయింది"

ఈ మాట ఎక్కువగా మిర్చి ఫొటోల దగ్గర వింటాను. ఒకమ్మాయి గుంటూరు యార్డులో తీసిన ఫొటోలు రెండు పక్కపక్కన పెట్టింది. ఒకటి తేజ, సన్నగా ఉంటుంది. ఇంకోటి బ్యాడిగి, ముదురు ఎరుపు, ఒళ్లంతా ముడతలు. ఆ పేజీ ఉద్దేశమే ఈ తేడా చూపించడం. ప్రింట్‌లో రెండూ ఒకే ఎర్రటి ముద్ద.

కారణం రెండంచెల్లో ఉంది. స్క్రీన్ వెలుగుతో రంగు చూపిస్తుంది, ప్రెస్ నాలుగు ఇంకులతో. స్క్రీన్ మీది మండే ఎరుపు ఆ ఇంకుల్లో రాదు. పైగా ఫొటో బాగా కనబడాలని రంగు గాఢత పెంచేసింది. ఎరుపు అంటే ప్రెస్‌లో మెజెంటా, పసుపు కలయిక. రెండూ నిండుగా పడిపోతే ఇక ముడతకూ నీడకూ చోటు లేదు. ఆ నీడను మోసేది సయాన్, నలుపు ఇంకులు.

పరిష్కారం: ఫొటోను సీఎంవైకేలోకి, అంటే ప్రెస్ వాడే ఆ నాలుగు ఇంకుల్లోకి మార్చి, ఆ మారిన బొమ్మను చూస్తూనే సరిచేయండి. గాఢత తగ్గించండి, నీడలు తేలేదాకా ఆగండి. స్క్రీన్ మీద కాస్త నీరసంగా అనిపిస్తుంది, భయపడొద్దు. మీరు వేయబోయే కాగితం మీదే ఒక్క పేజీ ప్రూఫ్ (ముందస్తు అచ్చు నమూనా) తీయించండి. పూత లేని మ్యాప్‌లితో కాగితం ఇంకును పీల్చుకుంటుంది, పూత ఉన్న ఆర్ట్ పేపర్ పైనే నిలుపుతుంది. ఒకే ఫొటో రెండింటి మీదా రెండు రకాలుగా వస్తుంది. ఆ అమ్మాయి ప్రూఫ్ రెండుసార్లు తీసింది. రెండోసారి బ్యాడిగి ముడతలు లెక్కపెట్టేటట్టు వచ్చాయి.

నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద తెల్ల అక్షరాలు కూడా ఇక్కడే దెబ్బతింటాయి. ద కీ ధ కీ తేడా అడుగున ఒక చిన్న గీత. ప కీ ఫ కీ అంతే. చుట్టూ ఇంకు ఒలికి ఆ గీత పూడుకుపోతే 'ధర' కాస్తా 'దర' అవుతుంది. అచ్చుతప్పు మీరు చేయకుండానే వచ్చి పడుతుంది. తెల్ల అక్షరాలు పెట్టాలనుకుంటే 14 పాయింట్లకు తగ్గొద్దు, లావు ఫాంట్ వాడండి, నాలుగే లైన్లుంచండి. మామూలు బాడీ మ్యాటర్‌కి నలుపు ఒక్క ఇంకే, వంద శాతం. నాలుగు ఇంకులు కలిపిన నలుపు వెంట్రుకంత పక్కకు జరిగినా అక్షరం మసకబారుతుంది.

త్వరగా తేలిపోయేవి కొన్ని

బోల్డ్ మసిపూసినట్టు వస్తోందంటే ఆ ఫాంట్‌కి బోల్డ్ లేదు, సాఫ్ట్‌వేర్ అంచులు ఉబ్బిస్తోంది. మండలి ఫాంట్‌కి ఒక్క బరువే (అక్షరం మందమే) ఉంది. హెడ్డింగులకూ బాడీకీ ఒకే కుటుంబం కావాలంటే నోటో సాన్స్ తెలుగు, నోటో సెరిఫ్ తెలుగు చూడండి, వాటిలో చాలా బరువులున్నాయి. హింద్ గుంటూరులో ఐదున్నాయి. మన ఊరి పేరున్న ఫాంట్ అని గుంటూరు పిల్లలు ముచ్చటపడి వాడతారు, అక్షరం కూడా శుభ్రంగా ఉంటుంది. హెడ్డింగ్ దిట్టంగా ఉండాలంటే రామభద్ర. ఇవన్నీ ఉచితం. ఇటాలిక్ మాత్రం తెలుగులో వద్దు. వాలిస్తే గుడులు ఒకవైపు, వత్తులు ఇంకోవైపు పోతాయి. ఒక మాటను వేరుగా చూపాలంటే రంగు మార్చండి.

ఫొటో గరుకుగా వచ్చిందంటే అది వాట్సాప్‌లో మామూలు ఫొటోగా వచ్చి ఉంటుంది. నిండు ఏ4 పేజీకి అంగుళానికి 300 చొప్పున 2480 అడ్డం, 3508 నిలువు పిక్సెళ్లు కావాలి. డాక్యుమెంట్‌గా పంపమని అడగండి, లేదా ఫోన్‌నుంచి కేబుల్‌తో నేరుగా తీసుకోండి.

కటింగ్ తర్వాత అంచున తెల్ల గీత మిగిలితే బ్లీడ్, అంటే కత్తిరించే అంచు దాటి బొమ్మకు వదిలే చోటు, ఇవ్వలేదు. నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు బయటికి లాగండి. అదే కారణంతో అక్షరాలను అంచుకు మరీ దగ్గరగా పెట్టొద్దు.

రెండు పేజీల మీద పరిచిన ఫొటోలో మనిషి ముఖం మడతలో పడితే ఇక చేసేదేమీ ఉండదు. బ్యారేజీ లాంటి పొడవాటి బొమ్మ మడతను తట్టుకుంటుంది, ముఖం తట్టుకోదు. నడిమి రెండు పేజీలకు (32 పేజీల పుస్తకంలో 16, 17) ఈ పరిచిన ఫొటోను ఉంచుకోండి. అక్కడ రెండూ ఒకే కాగితం మీద అచ్చవుతాయి కాబట్టి బొమ్మ అతుకు లేకుండా కలుస్తుంది. వేరే చోట పెడితే రెండు సగాలూ వేర్వేరు కాగితాల మీద పడి, మడిచేటప్పుడు ఒకటి పైకి ఒకటి కిందికి జరుగుతాయి. ఈ సంగతి కూడా డమ్మీ విప్పి చూస్తే అర నిమిషంలో తెలుస్తుంది, అందుకే దాన్ని ప్రింట్ అయ్యేదాకా పారేయకుండా టేబుల్ మీదే ఉంచుకోండి.