రోజు విడిచి రోజు నీళ్లొచ్చే ఇంట్లో వేసవి గట్టెక్కాలంటే

మాది హైదరాబాద్‌లో అద్దె పోర్షన్. మంజీరా కుళాయి నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, ఏప్రిల్ దాటిందంటే బోరు గాలి కొడుతుంది. నలుగురికి 200 లీటర్ల డ్రమ్ములు రెండు, అంతే.

ముందు ఒక్క పని చేయండి. ఒక రోజంతా ట్యాపులు కట్టేసి, ఫ్లష్ ట్యాంకుతో సహా అన్నిటికీ బకెట్‌తోనే నీళ్లు పోసి, ఏ పనికి ఎన్ని బకెట్లు పోయాయో క్యాలెండర్ వెనకాల గీతలు పెట్టండి. మేమైతే స్నానాలకే అయిపోతున్నాయనుకుని పిల్లల్ని తిట్టేవాళ్లం, తీరా లెక్క చూస్తే దొంగ ఫ్లష్! పాత ట్యాంకు ఒక్కసారి నొక్కితే పది లీటర్ల దాకా పోతాయి. లీటరు సీసా నిండా నీళ్లు పోసి, మూత బిగించి, లోపలి బంతికి తగలకుండా ట్యాంకులో నిలబెట్టండి, నొక్కినప్పుడల్లా దాదాపు లీటరు మిగులుతుంది. ఇటుక మాత్రం వేయకండి, నాని పొడి రాలుతుంది.

తర్వాత ఆర్‌ఓ ఫిల్టరు. లీటరు మంచినీళ్లిస్తూ రెండు మూడు లీటర్లు బయటికి వదిలేస్తుంది. ఆ సన్న పైపుని సింకులోంచి తీసి బకెట్లో పెడితే బాత్రూంకీ ఇల్లు తుడవడానికీ వస్తాయి. మొక్కలకి రోజూ పోయొద్దు, వాటిలో ఉప్పెక్కువ, మా కరివేపాకు అంచులు మాడిపోయాయి. మొక్కలకి బియ్యం మొదటి కడుగు పోస్తా, రెండో కడుగులో చింతపండు నానబెడతా.

గిన్నెలు ట్యాపు కింద కాకుండా రెండు టబ్బుల్లో కడగండి, రెండో టబ్బు నీళ్లే తర్వాతి విడతకి మొదటివి.

నీళ్లు రాగానే తాగే బిందె పెట్టేయకండి, మొదట మట్టి వస్తుంది. ఆ మొదటి రెండు బకెట్లూ బాత్రూంకి. డ్రమ్ము మూతికి పాత కాటన్ చీర ముక్క బిగించి కట్టండి. డెంగీ దోమ ఎక్కువగా మంచినీళ్లలోనే పెరుగుతుంది, గుడ్లేమో డ్రమ్ము గోడకి అంటుకుని ఉంటాయి కాబట్టి నీళ్లు పారబోస్తే సరిపోదు, వారానికోసారి ఖాళీ అయిన రోజు పీచుతో లోపల గట్టిగా రుద్దాలి.

అప్పటికీ చాలకపోతే ట్యాంకరే, పక్కవాళ్లతో కలిసి చెప్పుకోండి. ఇంటి ఉమ్మడి సంపులో ఎన్ని పడతాయో ముందే చూసుకోండి, ఓసారి 5,000 లీటర్లు తెప్పిస్తే మాది సగంలోనే నిండిపోయి, వీధిలో పారుతున్న నీళ్లకి నేనూ పై పోర్షన్ ఆంటీ బిందెలతో పరిగెత్తాం.