డిమ్మర్ మూత విప్పే ముందు

నాటకం గంటలో ఉందనగా లైటు మినుకుమినుకుమంటే టెన్షన్ సహజమే. అయినా డిమ్మర్ (స్టేజి లైట్ల వెలుగు పెంచి తగ్గించే పెట్టె) విప్పడానికి స్క్రూడ్రైవర్ అందుకునే ముందు ఇవి చూసుకోండి.

– ఫేడర్ (వెలుగు పెంచి తగ్గించే మీట) కిందికి దించినంత మాత్రాన కరెంటు పోయినట్టు కాదు. లోపలి ట్రయాక్ (కరెంటును అదుపు చేసే ఎలక్ట్రానిక్ స్విచ్చు) ఆపి ఉన్నా కొంత కరెంటును వదులుతూనే ఉంటుంది. బల్బు వెలగకపోయినా హోల్డర్ షాక్ కొట్టొచ్చు. మెయిన్ స్విచ్చే ఆపండి, తాళం వేసి తాళంచెవి మీ జేబులోనే పెట్టుకోండి. ‘ఎవరూ వేయరులే’ అనుకోవద్దు. హడావిడిలో ఎవరో ఒకరు వేస్తారు.

– ఆపాక మల్టీమీటర్‌తో చూడండి. అంతకన్నా ముందు, కరెంటున్న ప్లగ్గులో ఆ మీటర్‌నే పరీక్షించండి. త్రీఫేజ్‌లో రెండు ఫేజుల మధ్య 400 వోల్టులుంటాయి. అందుకే ఇంత చెప్పడం.

– ముందు బల్బు, తర్వాత కేబుల్ మార్చి చూడండి. చాలాసార్లు మూత విప్పే పనే ఉండదు. హాలోజన్ బల్బు చల్లారాక, గుడ్డతోనే పట్టుకోవాలి.

– ఫ్యూజు పోతే అదే ఆంపియర్లది వేయండి. తీగ చుట్టడం అసలు వద్దు. 1000 వాట్ల లైటు ఒక్కటే 4 ఆంపియర్లకు పైగా లాగుతుంది.

– మన కర్నూలు ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి. డిమ్మర్ ఫ్యాను జాలీలో దుమ్ముంటే లోపల ఇంకా వేడెక్కి అదే ఆగిపోతుంది. ముందు అది తుడవండి.

– పక్కన ఒక మనిషి ఉండాల్సిందే.