పాత కంప్యూటర్‌లో గ్రబ్ ఎక్కించే ముందు

విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిశాక పాత బయోస్ (కంప్యూటర్‌ను మొదలుపెట్టే పాత తరహా ఫర్మ్‌వేర్) యంత్రాలు చాలా లినక్స్ బాట పట్టాయి. లినక్స్‌ను బూట్ చేసే ప్రోగ్రామ్ గ్రబ్; దాన్ని డిస్క్‌లోకి ఎక్కించే గ్రబ్-ఇన్‌స్టాల్ ఆదేశం ఇచ్చే ముందు:

• డిస్క్ సరైనదేనా? పెన్‌డ్రైవ్‌తో బూట్ చేస్తే డిస్క్‌లకు లినక్స్ ఇచ్చే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లు తారుమారు కావచ్చు. పేరును కాదు, ఎల్‌ఎస్‌బీఎల్‌కే (డిస్క్‌ల జాబితా ఇచ్చే ఆదేశం) చూపే పరిమాణాన్ని, మోడల్‌ను నమ్మండి. తప్పు డిస్క్ మీద రాస్తే దాని బూట్ కోడ్ పోతుంది.

• మొదటి సెక్టార్ 512 బైట్లను డీడీ (బైట్లను ఉన్నదున్నట్టు నకలు చేసే ఆదేశం)తో వేరే పరికరంలో దాచండి. తిరిగి రాయాల్సి వస్తే బూట్ కోడ్ ఉండే మొదటి 446 బైట్లే రాయండి. ఆ వెంటనే ఉండే 64 బైట్లు పార్టిషన్ పట్టిక, అంటే డిస్క్‌ను ఏయే భాగాలుగా విడదీశారో చెప్పేది; ఈలోగా పార్టిషన్లు మార్చి ఉంటే పాత పట్టిక వచ్చి కూర్చుంటుంది. ఇక డేటా కోసం వెతుకులాటే.

• ఎస్‌డీఏ అని ఇవ్వండి, ఎస్‌డీఏ1 అని కాదు; అది డిస్క్‌లోని ఒక పార్టిషన్ పేరు. గ్రబ్ హెచ్చరిస్తుంది, ‘ఫోర్స్’ జోడించి దాని నోరు మూయించకండి.

• మొదటి పార్టిషన్ 63వ సెక్టార్‌లో మొదలైతే ముందున్న ఖాళీ సుమారు 31 కేబీయే, గ్రబ్‌కు చాలకపోవచ్చు. 2048వ సెక్టార్ అయితే బెంగ లేదు.

• జీపీటీ (కొత్త తరహా పార్టిషన్ పట్టిక) డిస్క్ అయితే 1 ఎంబీ బయోస్ బూట్ పార్టిషన్ కావాలి.

• క్రూట్‌లో (పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, డిస్క్‌లోని లినక్స్‌లోకి మారి) చేస్తుంటే, విడిగా ఉన్న బూట్ పార్టిషన్‌ను ముందే మౌంట్ చేయండి (సిస్టమ్‌కు జత చేయండి). లేకపోతే ఫైళ్లు వేరే చోటికి వెళ్తాయి.