నల్లరేగడిలో పైల్ పునాదులు: తొలకరికి ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

నల్లరేగడి నేలలో పైల్ పునాది (నేలలోకి లోతుగా దించే కాంక్రీటు స్తంభాల పునాది) వేయించుకునేవారు కాంక్రీటు గ్రేడు గురించీ, కడ్డీల లావు గురించీ పట్టుబట్టి అడుగుతారు గాని, ఆ పైల్‌ను పట్టి నిలబెట్టే మట్టి గురించి అడిగేవారు తక్కువ. సరిగ్గా పోసిన పైల్ బరువుకు నలిగిపోవడం చాలా అరుదు. ఇల్లు కుంగినప్పుడు సాధారణంగా తేలేది పైల్ చుట్టూ ఉన్న మట్టి జారిందనే. జూన్‌లో వానలు మొదలయ్యేలోగా బోర్లు (పైల్ కోసం తవ్వే లోతైన గుంతలు) వేసి ముగించాలన్న తొందరలో చెడేది కూడా ఆ మట్టే.

పైల్ తలమీద పడిన బరువు నేరుగా అడుగుకు దిగదు. మొదట పక్కనున్న మట్టి రాపిడితో దాన్ని అందుకుంటుంది, మిగిలినది మెల్లగా కిందికి చేరుతుంది. పక్కల రాపిడి పూర్తిగా పనిచేయడానికి పైల్ 5 నుంచి 10 మిల్లీమీటర్లు కదిలితే చాలు. అడుగునున్న నేల తన పూర్తి బలం చూపాలంటే మాత్రం పైల్ వ్యాసంలో సుమారు పదో వంతు దిగాలి, అంటే 450 మిల్లీమీటర్ల పైల్‌కు దాదాపు 45 మిల్లీమీటర్లు. అంత కుంగుబాటును ఏ ఇల్లూ ఓర్చుకోదు కాబట్టి, రోజువారీ బరువులో ఎక్కువ భాగాన్ని మోసేది పక్కల మట్టే. పైల్‌ను ఆనుకున్నచోట మట్టి అన్నిటికంటే ఎక్కువగా కిందికి కదులుతుంది, దూరం పోయేకొద్దీ ఆ కదలిక తగ్గిపోతుంది. చివరికి తెగి జారేది పైల్ పక్కను అంటిన పలుచని మట్టి పొర ఒక్కటే.

అందుకే ఆ పొరను తడవనివ్వకూడదు. బోరు వేసిన రోజే కాంక్రీటు పోయాలి. రాత్రంతా తెరిచి ఉంచిన బోరులో రేగడి గోడ నీరు పీల్చి ఉబ్బి లోపలికి వస్తుంది, వేలితో నొక్కితే దిగబడేంత మెత్తబడుతుంది. తప్పనిసరై ఉంచవలసివస్తే, మర్నాడు ఆ మెత్తటి పొరను మళ్లీ గీసి తీసిన తరువాతే కడ్డీల బోను దింపాలి. బోరు మూతి చుట్టూ ఎత్తుగా గట్టు కట్టి, తవ్విన మట్టిని దూరంగా పోయించాలి.

అడుగు లోతును గుండు కట్టిన టేపుతో రెండుసార్లు కొలవాలి: బోరు పూర్తయిన వెంటనే ఒకసారి, కాంక్రీటుకు ముందు మరొకసారి. ఈ రెంటి తేడా లోపల కూలిన మట్టి. గట్టి అడుగుకు తగిలితే గుండు టక్కున ఆగి టేపు ఒక్కసారిగా సడలుతుంది. బురద ఉంటే మెత్తగా దిగిపోయి, పైకి లాగేటప్పుడు జిగటగా పట్టుకుంటుంది. ఆ పట్టు చేతికి తెలిసిందంటే కాంక్రీటు ఆపించి అడుగు శుభ్రం చేయించాలి. బోరులో నీరు గాని బెంటోనైట్ (గోడ కూలకుండా నింపే బంకమట్టి ద్రవం) గాని ఉంటే ట్రెమీ గొట్టంతోనే, అంటే అడుగుదాకా దించి కాంక్రీటు పోసే గొట్టంతోనే, పోయాలి, గొట్టం కొన ఎప్పుడూ కాంక్రీటులో మునిగి ఉండాలి.

రేగడి మట్టి వేసవిలో నెర్రెలిచ్చి పైల్‌ను వదిలేస్తుంది, వానల్లో ఉబ్బి దాన్ని పైకి లాగుతుంది. కాబట్టి పైల్ పునాదులపై భారత ప్రమాణం ఐఎస్ 2911 మూడో భాగం చెప్పినట్టు, లోతైన రేగడిలో పైల్ కనీసం 3.5 మీటర్లు దిగాలి. సాధారణంగా కాండం వ్యాసానికి రెండున్నర రెట్లుండే అడుగు బల్బు (పైల్ అడుగున వెడల్పు చేసిన ఉబ్బెత్తు భాగం), నేల పైకి లాగినప్పుడు లంగరులా పట్టుకుంటుంది. ఆ లాగుడును తట్టుకోవాలంటే కడ్డీలు పైనుంచి అడుగుదాకా ఉండాలి. గ్రేడ్ బీముకూ (పైల్ తలలను కలుపుతూ గోడలను మోసే బీము) నేలకూ మధ్య కనీసం 80 మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి. ఎంతో శ్రద్ధగా వదిలిన ఆ ఖాళీలో తరువాత వచ్చినవారు ఇటుక ముక్కలు, మట్టి కూరడం నేను చాలాచోట్ల చూశాను. అలా నింపితే ఉబ్బిన నేల బీమును నేరుగా ఎత్తుతుంది, పైల్‌కు పెట్టిన ఖర్చంతా వృథా అవుతుంది. ఈ సంగతి మేస్త్రీకి చెప్పి ఊరుకోకుండా, గోడ లేచేదాకా యజమాని స్వయంగా చూసుకోవాలి.

కృష్ణా, గోదావరి డెల్టాల మెత్తటి బంకమట్టిలో ప్రమాదం మరో రకంగా వస్తుంది. వాననీరు నిలవకుండా స్థలాన్ని మెరక చేస్తే, ఆ కొత్త బరువుకు కింది బంకమట్టి ఏళ్ల తరబడి కుంగుతూ పైల్‌ను తనతోపాటు కిందికి లాగుతుంది. మోయవలసిన మట్టే బరువై కూర్చుంటుంది. ఎంత మెరక వేస్తారో డిజైన్ చేసే ఇంజనీరుకు ముందే చెప్పాలి, వీలైతే పైల్స్‌కు చాలాముందే మెరక పోసి నేలను కుంగనివ్వాలి.

పైల్‌పై బరువు పెట్టి చూసే లోడు పరీక్షలో డిజైన్ బరువుకు ఒకటిన్నర రెట్లు పెట్టినప్పుడు కుంగుబాటు 12 మిల్లీమీటర్లు దాటకూడదు. కుంగుబాటును ముల్లుతో చూపే డయల్ గేజీలను మోసే బీము కాళ్లు పైల్ అంచునుంచి వ్యాసానికి మూడు రెట్ల దూరంలో, ఎంత తక్కువైనా 1.5 మీటర్ల అవతల ఉండాలి. దగ్గరగా పాతితే పైల్‌తోపాటు కుంగే మట్టితో అవీ కుంగి, గేజీ అసలు కంటే తక్కువ చూపిస్తుంది. వాన పడుతున్న రోజు పరీక్ష పెట్టవద్దు. తడిసిన రేగడి ఆ కాళ్లను పైకి ఎత్తితే, మిల్లీమీటరులో నూరో వంతు చూపే ఆ ముల్లు కదలిక పైల్‌దో నేలదో ఎవరూ తేల్చలేరు.