షార్ట్ ఫిల్మ్ తీసే ముందు చెవులకు పని చెప్పండి

మీడియా కోర్సులో చేరిన కొత్తలో అందరూ అడిగే మొదటి ప్రశ్న ఏ కెమెరా కొనాలన్నదే. ఏ లెన్స్, ఏ గింబల్, ఫోన్‌తో తీస్తే సరిపోతుందా అని గంటలకొద్దీ మాట్లాడుకుంటారు, సౌండ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం "అది ఎడిటింగ్‌లో చూసుకుందాంలే" అంటారు. అప్పుడు చూసుకోవడం కుదరదు. బొమ్మ కాస్త చీకటిగా ఉన్నా, కొంచెం ఊగినా జనం సర్దుకుని చూస్తారు, మాట వినపడకపోతే మాత్రం అరనిమిషంలో ఇంకో వీడియోకి వెళ్లిపోతారు.

ఈ అలవాటు మనకు సినిమాల నుంచే వచ్చింది. తెలుగు సినిమాల్లో చాలాకాలంగా సెట్‌లో పైలట్ ట్రాక్, అంటే గుర్తు కోసం తీసుకునే కచ్చా సౌండ్, మాత్రం రికార్డు చేసుకుని, తర్వాత డబ్బింగ్ థియేటర్‌లో మాటలన్నీ మళ్లీ చెప్పించడం పద్ధతి. పెద్ద సినిమాకి అది నడుస్తుంది. అక్కడ థియేటర్ ఉంటుంది, ఇంజనీర్ ఉంటారు, పెదాల కదలికకు మాటను అతికించగల ఆర్టిస్టులుంటారు. మీ సినిమాలో హీరో మీ క్లాస్‌మేట్. షూటింగ్ అయిన మర్నాడే దసరా సెలవులకు ఖమ్మం వెళ్లిపోతాడు, అక్కడి నుంచి ఫోన్‌లో చెప్పి పంపిన డైలాగ్ ఎన్ని తిప్పలు పడ్డా ఆ సీన్‌లో కలవదు. అందుకే నేను చెప్పేది ఒక్కటే, సౌండ్ పని కథ రాసేటప్పుడూ లొకేషన్ చూసేటప్పుడూ మొదలవ్వాలి.

మొదట వినడం నేర్చుకోండి

దీనికి పైసా ఖర్చు లేదు. ఒక నోట్‌బుక్ పట్టుకుని హైదరాబాద్‌లో ఏదైనా ఇరానీ హోటల్లో ఒక మూల కూర్చోండి, ఫోన్ జేబులో పెట్టేయండి. పేజీలో మూడు గళ్లు గీయండి: ఎప్పుడూ ఉండే చప్పుళ్లు, వచ్చి పోయేవి, ఒక్కసారే వినిపించేవి. ఎగ్జాస్ట్ ఫ్యాన్, బయట ట్రాఫిక్ మొదటి గడిలోకి వెళ్తాయి. కప్పూ సాసరూ తగిలే చప్పుడు, "దో చాయ్" అనే కేక రెండో గడిలోకి. ఎవరో కుర్చీ లాగినప్పుడు నేల మీద వచ్చిన కీచు మూడో గడిలోకి. రేపు ఎడిటింగ్ టైమ్‌లైన్ మీద మీరు పేర్చబోయేవి సరిగ్గా ఈ మూడు పొరలే, మొదటిది ఆంబియన్స్, అంటే చోటు మొత్తానికీ ఉండే చప్పుడు, మిగతా రెండూ ఫోలీ (దీని సంగతి ముందు చెప్తాను), స్పాట్ ఎఫెక్ట్స్, అంటే విడివిడిగా పెట్టే చప్పుళ్లు.

అదే చోటికి వేరే టైమ్‌లో మళ్లీ వెళ్లండి. కేబీఆర్ పార్కు దగ్గర తెల్లవారుజామున నెమళ్లు అరుస్తుంటాయి, సాయంత్రం అదే చోట హారన్లు తప్ప ఏమీ వినపడదు. రంజాన్ నెలలో పాతబస్తీలో హలీం డేగిశాల్లో కర్రలతో దంచే చప్పుడు ఏడాదిలో మిగతా రోజుల్లో అంతగా దొరకదు, అది కావాలంటే ఆ నెలలోనే వెళ్లి రికార్డు చేసుకోవాలి. లాడ్ బజార్ గాజుల చప్పుడు, మోండా మార్కెట్ బేరాలు, ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఆగేటప్పటి బ్రేకు, మెట్రోలో మూడు భాషల అనౌన్స్‌మెంట్, ఇవన్నీ సొంతంగా పోగు చేసుకుంటే ఏ వెబ్‌సైట్‌లోనూ దొరకని లైబ్రరీ మీ దగ్గర ఉంటుంది. ఫైలుకి పేరు మాత్రం రికార్డు చేసిన రోజే పెట్టండి, చోటు, టైమ్, ఏం చప్పుడు అని. 'ఆడియో 047' అని వదిలేసిన ఫైలు నెల తర్వాత ఉన్నా లేనట్టే.

సినిమా చూడటంలోనూ ఒక అభ్యాసం ఉంది. ఒక సీన్‌ని ముందు సౌండ్ తీసేసి చూడండి, తర్వాత కళ్లు మూసుకుని వినండి, ఆ తర్వాత రెండూ కలిపి చూడండి. మొదలుపెట్టడానికి సింగీతం శ్రీనివాసరావు 1987లో తీసిన 'పుష్పక విమానం' కంటే మంచి పాఠం నాకు తెలీదు. అందులో మాటలు లేవు. అయినా కథ ఎక్కడా ఆగదు, ఏ చప్పుడు ఎందుకు వినిపించిందో రాసుకుంటూ చూడండి.

లొకేషన్ చూడటం అంటే వినడం కూడా

షూటింగ్ ఏ టైమ్‌లో పెట్టుకున్నారో ఆ టైమ్‌కే లొకేషన్‌కి వెళ్లండి. పొద్దున పదింటికి ప్రశాంతంగా ఉన్న అపార్ట్‌మెంట్ సాయంత్రం ఆరింటికి పిల్లల ఆటలతో, కుక్కర్ విజిల్స్‌తో, బోరు మోటారుతో నిండిపోతుంది. గది మధ్యలో నిలబడి రెండు నిమిషాలు ఏమీ మాట్లాడకుండా వినండి, ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. చప్పట్ల వెనకే మోత తిరిగొస్తే ఆ గదిలో డైలాగ్ బావిలోంచి వచ్చినట్టు ఉంటుంది. కెమెరాకి కనపడని గోడలకి బొంతలు, దుప్పట్లు వేలాడదీయండి, నేల మీద ఒక పరుపు వేయండి, చాలావరకు తగ్గిపోతుంది. గణేశ్ నవరాత్రులు, బోనాలు, పెళ్లిళ్ల సీజన్ తేదీలు ముందే చూసుకోండి, వీధిలో మైకు పెట్టాక ఎవరూ మీకోసం ఆపరు, ఆపమని అడగటం న్యాయం కూడా కాదు.

ఫ్యాన్, ఏసీ, ఫ్రిజ్ ఆపాల్సిందే. మే నెలలో ఫ్యాన్ ఆపితే అందరూ చెమటలు కక్కుతారు, నిజమే, టేక్‌కీ టేక్‌కీ మధ్య వేయండి. ఫ్రిజ్ ఆపినప్పుడు మీ బండి తాళం అందులోనే పెట్టేయండి. సౌండ్ వాళ్లు ఎప్పటి నుంచో పాటించే చిట్కా ఇది, ఫ్రిజ్ మళ్లీ ఆన్ చేయకుండా ఇల్లు వదిలి వెళ్లలేరు.

రికార్డింగ్‌లో ఏది ముఖ్యం

మైకు ఎంత ఖరీదైందన్నది తర్వాత, నోటికి ఎంత దగ్గరగా ఉందన్నది ముందు. దూరం రెట్టింపైతే మాట దాదాపు 6 డెసిబెల్స్ తగ్గుతుంది, చుట్టూ ఉన్న గోల మాత్రం తగ్గదు. అందుకే పది అడుగుల దూరంలో కెమెరా మీద కూర్చున్న మంచి మైకు కంటే, చొక్కాకి పెట్టిన మామూలు కాలర్ మైకు నయం. బూమ్, అంటే పొడవాటి కర్రకి కట్టిన మైకు, ఉంటే ఫ్రేమ్ అంచు వరకు దించి, పైనుంచి నటుడి ఛాతీ వైపు తిప్పి పట్టుకోండి. షార్ట్ ఫిల్మ్‌లో బూమ్ పట్టుకునే పని ఖాళీగా ఉన్నవాళ్లకి అప్పగిస్తారు, అలా చేయకండి. డైలాగ్ తెలిసినవాళ్లు, ఎవరి తర్వాత ఎవరు మాట్లాడతారో ముందే ఊహించి మైకు తిప్పగలిగినవాళ్లు కావాలి.

సెట్టింగ్స్ సంగతికొస్తే డబ్ల్యూఏవీ ఫైలు, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. మామూలు మాట రికార్డర్ మీటర్ మీద మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడాలి, అరుపులు కూడా మైనస్ 6 దాటకపోతే మంచిది. సున్నాకి కొట్టుకుని పగిలిన గొంతును బాగుచేయడం చాలా కష్టం. గట్టి చప్పుళ్లని కూడా పగలకుండా పట్టుకునే 32 బిట్ ఫ్లోట్ రికార్డర్ దొరికితే ఈ టెన్షన్ చాలా తగ్గుతుంది, కానీ అప్పుడు కూడా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినేవాళ్లు ఒకరు ఉండాలి, చొక్కా గుడ్డ మైకుకి రాసుకుంటోందని మీటర్ చెప్పదు. కొనే డబ్బు లేకపోతే కృష్ణానగర్ వైపు అద్దెకి తెచ్చుకోండి, కేబుళ్లు, కనెక్టర్లు కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి.

రికార్డర్ విడిగా వాడుతుంటే, తర్వాత బొమ్మకీ సౌండ్‌కీ జత కుదర్చడానికి (సింక్) క్లాప్ తప్పనిసరి. సీన్, షాట్, టేక్ నంబర్లు గట్టిగా చదివి కొట్టండి, బోర్డు లేకపోతే చేతులతో చప్పట్లు చాలు, అవి కెమెరాకి కనపడాలి అంతే. సెకనుకి 24 ఫ్రేములు అంటే ఒక్కో ఫ్రేమ్ దాదాపు 42 మిల్లీసెకన్లు. ధ్వని సెకనుకి సుమారు 343 మీటర్లు వెళ్తుంది, అంటే 14 మీటర్ల దూరంలో ఉన్న మైకుకి మాట ఒక ఫ్రేమ్ ఆలస్యంగా చేరుతుంది. దూరంగా పెట్టిన కెమెరా మైకుతో సింక్ చేసినప్పుడు పెదాలు కలవనట్టు అనిపించడానికి ఇదొక కారణం.

ప్రతి లొకేషన్‌లోనూ ప్యాకప్ చెప్పే ముందు అందరినీ ఉన్నచోటే నిలబెట్టి ఒక నిమిషం రూమ్ టోన్ రికార్డు చేయండి. ఖాళీ గదికి కూడా ఒక చప్పుడుంటుంది, ఎడిటింగ్‌లో మాటకీ మాటకీ మధ్య ఆ చప్పుడే లేకపోతే అతుకులు తెలిసిపోతాయి. ఏదైనా డైలాగ్ మీద అనుమానముంటే కెమెరా ఆపి, అక్కడే, అదే మూడ్‌లో, మైకు దగ్గర పెట్టి నటులతో మళ్లీ చెప్పించుకోండి. ఖమ్మం నుంచి వచ్చే ఫోన్ రికార్డింగ్ కంటే ఇది ఎన్నో రెట్లు మేలు. ఇంకోమాట, ఆడియో ఫైళ్లు వాట్సాప్‌లో మామూలుగా పంపుకోకండి, నాణ్యత పోవచ్చు, గూగుల్ డ్రైవ్ లాంటి చోట పెట్టండి.

చప్పుడుతో కథ చెప్పడం

అసలు సౌండ్ డిజైన్ అంటే ఇక్కడి నుంచే. ఒక ఉదాహరణ పట్టుకుని చెప్తాను. అమీర్‌పేటలో హాస్టల్ గది, ఒక అబ్బాయి ఉద్యోగం వచ్చిందో లేదో చెప్పే కాల్ కోసం ఎదురుచూస్తున్నాడు. గది తప్ప కెమెరా ఏమీ చూపించదు. పైన ఫ్యాన్ టిక్ టిక్‌మంటోంది, కింద వీధిలో వాటర్ ట్యాంకర్ మోటారు నడుస్తోంది, పక్కగదిలో ఎవరో స్టీలు బాక్సు మూత పెట్టారు, దూరంగా మెట్రో వెళ్లింది. ఇప్పుడు ఇనప మంచం మీద ఫోన్ వైబ్రేట్ అయింది, ఆ మోత మంచమంతా పాకాలి. వాడు కాల్ ఎత్తాక వీధి చప్పుళ్లు మెల్లగా, చూసేవాళ్లకి తెలియకుండా, పది పదిహేను సెకన్లలో తగ్గిపోతూ ఉంటాయి, మోటారూ ఫ్యాన్ టిక్కూ మాత్రం మిగులుతాయి. అవతలివాళ్లు ఏం చెప్పారో మనకి వినపడదు. కాల్ అయిపోగానే ట్యాంకర్ మోటారు ఆగిపోతుంది. సీన్ మొదటి నుంచీ నడుస్తున్న ఆ మోతని ఎవరూ పట్టించుకోలేదు, ఆగాక మాత్రం గుండె జారినట్టవుతుంది. ఉద్యోగం రాలేదని డైలాగ్ అక్కర్లేదు, వయొలిన్ అంతకన్నా అక్కర్లేదు.

ఈ సీన్‌లో గమనించాల్సింది ఏమిటంటే షూటింగ్‌లో ఫ్యాన్ ఆపే తీస్తారు, దాన్ని ఫ్రేమ్‌లోకి రానివ్వరు, దాని టిక్కు విడిగా రికార్డు చేస్తారు. ట్యాంకర్ ఇంకో రోజు, ఇంకో వీధిలో దొరుకుతుంది. చప్పుళ్లు విడివిడిగా ఉంటేనే ఏది ఎప్పుడు తగ్గాలో మీ చేతిలో ఉంటుంది.

కాలి అడుగులు, పట్టుచీర గరగర, తాళంచెవి లాంటివి ఎడిట్ అయిన బొమ్మ చూస్తూ మళ్లీ చేసి రికార్డు చేయడాన్ని ఫోలీ అంటారు, యూనివర్సల్ స్టూడియోలో ఈ పద్ధతికి దారి వేసిన జాక్ ఫోలీ పేరు మీద. ఎముక విరిగిన చప్పుడుకి చెరకు ముక్కో క్యారెట్టో విరవండి, గడ్డిలో నడకకి పాత క్యాసెట్లోంచి లాగిన టేపు కుప్పని నలపండి. హాస్టల్లో రాత్రి రెండు తర్వాత, దుప్పటి కింద మైకు పెట్టుకుని చేసుకోవచ్చు ఇదంతా.

సాఫ్ట్‌వేర్ మీద ఎక్కువ ఆలోచించకండి. డావిన్సీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్‌లోనే సౌండ్ పనికి ఫెయిర్‌లైట్ అనే భాగం ఉంది, మీ మొదటి కొన్ని సినిమాలకి అది ధారాళంగా సరిపోతుంది. స్టూడియోల్లో పనికి వెళ్లేనాటికి ప్రో టూల్స్ నేర్చుకోవాల్సిందే. ముందు డైలాగ్ శుభ్రం చేయండి, ప్రతి కట్ దగ్గరా సౌండ్ మెల్లగా పెరిగేలా, తగ్గేలా చిన్న ఫేడ్ ఇచ్చి, ఖాళీల్లో రూమ్ టోన్ నింపండి. 80 హెర్ట్జ్ కింద ఉన్నది కోసేస్తే ట్రాఫిక్ గుర్రు కొంత పోతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి హమ్ (కరెంటు గుయ్‌మనే చప్పుడు) వస్తే 50, 100, 150 దగ్గర వెతకండి. నాయిస్ రిడక్షన్ అతిగా వాడితే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టవుతుంది, కొంచెం గోల ఉన్నా మనిషి గొంతు మనిషి గొంతులా ఉండటమే మేలు. తర్వాత ఆంబియన్స్, ఫోలీ, ఎఫెక్ట్స్, చివర్లో సంగీతం. ఫ్రీసౌండ్ లాంటి చప్పుళ్ల వెబ్‌సైట్ నుంచి తెచ్చుకున్నవాటి లైసెన్స్ చదవండి, నాన్ కమర్షియల్ అని ఉంటే డబ్బులొచ్చే వీడియోలో వాడకూడదు.

మిక్స్‌ని హెడ్‌ఫోన్స్‌లో, టీవీలో, ఫోన్ స్పీకర్‌లో కూడా వినండి. ఫోన్ స్పీకర్ లోతైన బేస్ పలికించలేదు, కథలో ముఖ్యమైన విషయం ఆ గుర్రులోనే ఉంటే ఎక్కువమందికి అది చేరదు. యూట్యూబ్ సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (మొత్తం సౌండ్ ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) కంటే గట్టిగా ఉన్నదాన్ని తనే తగ్గిస్తుంది కాబట్టి పోటీపడి గట్టిగా చేయడం వల్ల లాభం లేదు. మాటలు ఒక ఫైలుగా, సంగీతం, ఎఫెక్ట్స్ వేరే ఫైళ్లుగా కూడా తీసి దాచుకోండి. సినిమాని ఇంకో భాషలోకి డబ్ చేయాలంటే మాటలు లేని ఆ ట్రాక్ కావాలి, ఇప్పుడు ఇక్కడ తీసే పెద్ద సినిమాలు చాలావరకు నాలుగైదు భాషల్లో వెళ్తున్నాయి, ఈ పని తెలిసినవాళ్లకి గిరాకీ ఉంది.

చదువు, పని

సౌండ్‌నే ప్రత్యేకంగా చదవాలనుకుంటే పుణె ఎఫ్‌టీఐఐ, కోల్‌కతా ఎస్‌ఆర్‌ఎఫ్‌టీఐ అనే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లు మొదట చూడండి, 2009లో సౌండ్ మిక్సింగ్‌కి ఆస్కార్ అందుకున్న రసూల్ పూకుట్టి ఎఫ్‌టీఐఐలోనే చదివారు. హైదరాబాద్‌లోనే ఉండాలంటే సెంట్రల్ యూనివర్సిటీలో సరోజినీ నాయుడు స్కూల్ ఆఫ్ ఆర్ట్స్ అండ్ కమ్యూనికేషన్, అన్నపూర్ణ స్టూడియోస్‌లోని ఫిల్మ్ కాలేజీ ఉన్నాయి. ఫీజు కట్టే ముందు సౌండ్‌కి ఎన్ని గంటల ప్రాక్టికల్స్ ఉన్నాయో, రికార్డర్ ఇంటికి ఇస్తారో లేదో అడగండి, బ్రోచర్లో స్టూడియో ఫోటో చూసి నిర్ణయించకండి. లామకాన్ లాంటి సాంస్కృతిక వేదికల్లో సినిమాలు వేసినప్పుడు వెళ్లండి, తర్వాతి ప్రాజెక్టుకి మనుషులు అలాంటి చోట్లే దొరుకుతారు.

అసిస్టెంట్‌గా చేరాలంటే చిన్న స్టూడియోలతో మొదలుపెట్టండి, జీతం ఎంత, రాత్రి ఎన్నింటికి వదులుతారు అన్నది మొదటిరోజే మొహమాటం లేకుండా మాట్లాడుకోండి. వెళ్లేటప్పుడు మీ పని చూపించే రెండు నిమిషాల రీల్ పట్టుకెళ్లండి. అందులో పాటలు, మాంటాజ్‌లు వద్దు, ఒకే సీన్‌ని లొకేషన్ సౌండ్‌తో ఒకసారి, మీ పని అయ్యాక ఒకసారి వినిపించండి. డైలాగ్ మీరు శుభ్రం చేశారా, ఫోలీ మీరే చేశారా, మిక్స్ ఎవరిది అన్నది తెర మీద రాసి పెట్టండి, వినే ఇంజనీర్ మొదట అడిగేది అదే.